పవర్ అంటే శక్తా, అధికారమా?

సందేహం: టీనేజ్ పిల్లల కోసం ఒక సైన్స్ ఫిక్షన్ నవల రాస్తున్నాను. మెదడులో అమర్చిన చిప్ వల్ల యంత్రాలన్నీ ఒక అమ్మాయి మాట వింటాయి. నగరాన్ని ఏలే మండలి ఆ చిప్‌ను లాక్కోవాలని చూస్తుంది. ఇద్దరి పవర్‌నూ ‘శక్తి’ అనే రాశాను. ‘ఆమె మానవత్వాన్ని కాపాడింది’ అని ముగించాను. సరేనా? వేరే ఏ మాటకైనా ప్రాముఖ్యత ఇవ్వాలా?
– ఒక పాఠకురాలు

సమాధానం: తప్పని అనను. కానీ ఇద్దరిదీ శక్తే అంటే వాళ్ల మధ్య గొడవ దేనికో పాఠకుడికి అందదు. శక్ ధాతువుకు చేయగలగడం అని అర్థం కాబట్టి అమ్మాయిది శక్తే. మండలిది అధికారం. గీతలో ‘కర్మణ్యేవాధికారస్తే’ అన్నచోట పెత్తనం ఊసే లేదు, ఉన్నది అర్హత. వేదాంతం చదవడానికి తగినవాణ్ణి కూడా ‘అధికారి’ అనే అన్నారు. మీ మండలికి అర్హత పోయి పెత్తనం మిగిలిందేమో చూసుకోండి.

బలం అనే మాటను మీరు తలవనే లేదు. పసివాడు పాలకుడికి ఎదురు నిలవడం అనగానే నాకు పోతన ప్రహ్లాదుడే గుర్తొస్తాడు. ఎవరి బలం చూసుకుని నన్ను ధిక్కరిస్తున్నావని హిరణ్యకశిపుడు నిలదీస్తే, కొడుకు ఇచ్చిన జవాబు ఈ కందం:

బలయుతులకు దుర్బలులకు
బలమెవ్వఁడు? నీకు నాకు బ్రహ్మాదులకున్
బలమెవ్వఁడు? ప్రాణులకును
బలమెవ్వం? డట్టి విభుఁడు బల మసురేంద్రా!

నాలుగు పాదాలూ ‘బల’తోనే మొదలవుతాయి, ప్రాస కూడా ఆ లకారం మీదే నిలుస్తుంది. ఇది వట్టి శబ్దాలంకారం కాదు. శక్తి తనలో ఉండేది, బలం తాను ఆనుకునేది. ‘వాడికి ఎవరి బలం ఉందో’ అని ఇప్పటికీ అంటున్నామంటే, బలంలో అండ అనే అర్థం బతికే ఉందన్నమాట. ‘నీకు నాకు’ చూడండి. ఆ రెండు చిన్న మాటలతో పిల్లవాడు రాజును తెచ్చి తన పక్కన నిలబెట్టాడు. నీ బలం కూడా నీది కాదని చెబుతూనే ‘అసురేంద్రా’ అని మర్యాదగా పిలిచాడు. ఎంత ధైర్యం! మీ అమ్మాయి మండలి ముందు నిలిచే అధ్యాయం రాసేముందు ఈ పద్యాన్ని పైకి చదవండి.

ఇక మానవత్వం. ‘త్వ’, ‘త’ ప్రత్యయాలకు భేదం లేదు కాబట్టి మానవతా అదే. మనుషులందరూ అని చెప్పాలంటే మాత్రం మానవాళి. ఇంగ్లీషులో రెండింటికీ ‘హ్యుమానిటీ’ అనే ఒకే మాట చెల్లుతుందని, జనం ప్రాణాలకు ముప్పు వచ్చినా ‘మానవత్వానికి ముప్పు’ అని రాసేస్తున్నారు. తెలుగులో ఉన్న తేడాను మనమే చెరిపేసుకోవడం ఎందుకు? మీ నాయిక కాపాడింది ప్రాణాలనైతే మానవాళి అనండి, మనుషుల్లోని దయనైతే మానవత్వం అనండి. రెండూ ఉద్దేశించి రాసి ఉంటే మీ వాక్యం జోలికి నేను రాను.

అన్నట్టు, ‘ప్రాముఖ్యత’ వద్దు. ప్రాముఖ్యంలో భావార్థక ప్రత్యయం (‘ప్రముఖంగా ఉండడం’ అనే అర్థాన్నిచ్చేది) ఉండనే ఉంది, దాని మీద ఇంకో ‘త’ దేనికి?