గుర్రాన్ని తెచ్చుకునే ముందు

అమ్మడూ,

కాఠియావాడీ గుర్రాన్ని కొని మన తోటలో పెంచుకుంటానన్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడి గొంతులో టెన్షన్ ఎంతుందో మురిపెమూ అంతే ఉంది. నాకూ అంతే. హిందూపురం స్టేషన్ దగ్గర జట్కా తోలిన ఇంట్లో పుట్టినదాన్ని. మళ్లీ మనింట్లో గుర్రం సకిలిస్తుందంటే రాత్రంతా నిద్ర పట్టలేదు.

స్వారీ నేర్పేవాళ్లు నీకు ఉన్నారు. హెల్మెట్ లేకుండా ఎక్కొద్దు. పగ్గం చేతికి చుట్టుకోవద్దు. రోజూ గిట్టలెత్తి మట్టీ రాళ్లూ తీసెయ్, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించు. ధనుర్వాతం టీకా మరచిపోకు.

నా భయమంతా దాని కడుపు గురించే.

మీ పెదనాన్నకు అప్పటికింకా మీసాలు రాలేదు. పెళ్లిళ్ల రోజులు. పొద్దుటి నుంచీ తిరిగిన గుర్రం అలిసిపోయి వచ్చింది. మీ తాత కాళ్లు కడుక్కునేలోగా, పాపం ఆకలిగా ఉందని వీడు నానబెట్టని ఉలవలు తొట్టి నిండా పోశాడు. అది గబగబా మింగేసింది. మీద కడివెడు నీళ్లు తాగింది. ప్రేమతోనే పెట్టాడే వాడు! రాత్రి అందరూ పడుకున్నాక ముందు కాలితో నేల గీరడం మొదలుపెట్టింది. మాటిమాటికీ మెడ తిప్పి డొక్క చూసుకునేది. పడుకునేది, లేచేది, మళ్లీ పొర్లేది. మెడంతా చెమట. మీ తాత డొక్కకు చెవి ఆనించి విన్నాడు. ఎప్పుడూ గుడగుడమంటూ ఉండాల్సిన కడుపులో చప్పుడే లేదు. డాక్టరు వచ్చేసరికి తెల్లారింది. అప్పటికే ప్రాణం పోయింది. పెదనాన్న ఉలవచారు ఎందుకు ముట్టడని చిన్నప్పుడు అడిగేదానివి కదా, అందుకు.

ఆవులా గుర్రం నెమరు వేయదు. దానికున్నది ఒకటే పొట్ట, అదీ అంత ఒంటికి చాలా చిన్నది. ఎక్కువైతే వాంతి చేసుకోలేదు. ఒక్కోసారి పొట్టే పగిలిపోతుంది.

కాబట్టి అసలు తిండి గడ్డే. 300 కిలోల గుర్రానికి రోజుకు ఐదారు కిలోల ఎండుగడ్డి, నాలుగైదు సార్లుగా పెట్టు. ఉలవలు నానబెట్టో ఉడకబెట్టో కొద్దికొద్దిగానే. స్వారీ నుంచి రాగానే దాణా పెట్టకు, ముందు మెల్లగా నడిపించి ఒళ్లు చల్లారనీ. తొట్టిలో మంచినీళ్లు ఎప్పుడూ ఉండాలి. చెనిక్కాయ కట్టె, అదే ఎండిన వేరుశనగ మేత, వేస్తే బాగా దులిపి వెయ్, లేకపోతే ఇసుక పేగుల్లో పేరుకుంటుంది. బూజు పట్టిన గడ్డి ఒక్క పరక కూడా వద్దు.

తోటలో ఆవులూ కోళ్లూ ఉన్నాయి కదా, వాటి దాణా దీని దరిదాపులకు రానీయకు. అలాంటి కొన్ని దాణాల్లో కలిపే మొనెన్సిన్ అనే మందు గుర్రానికి విషం, గుండెను దెబ్బతీస్తుంది. దాణా గదికి తాళం వెయ్. పనివాళ్లకు నువ్వే దగ్గరుండి చెప్పు, తెలుసులే అనుకోకు.

నేల గీరుతూ డొక్క చూసుకుంటే తెల్లారేదాకా చూద్దామని కూర్చోవద్దు. మేత తీసేసి వెంటనే డాక్టరుకు ఫోన్ చెయ్. మన వైపు ఆవులూ గొర్రెలూ చూసేవాళ్లే ఎక్కువ, గుర్రాలు చూసిన డాక్టరెవరో కొనకముందే కనుక్కుని ఆ నంబరు నాకూ పంపు. అర్ధరాత్రయినా నాకు ఫోన్ చెయ్, తిడతానేమోనని ఆగకు తల్లీ.

అది వచ్చిన మొదటి వారం నేను అక్కడే ఉంటాను. మోకాళ్ల నొప్పులంటూ మీ నాన్న అడ్డుపడతాడు, వాడితో చెప్పకుండా నువ్వు బస్సు టికెట్ తీసెయ్.

మీ అత్త