చీలిన ఆకు, మాడిన అంచు

ప్రశ్న: మా పెరట్లోని అరటి ఆకులు గాలికి పేలికలుగా చీలిపోయాయి. పక్కనున్న నిమ్మ మొక్కకు లేత ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరిగి మాడిపోతున్నాయి. ఇది తెగులా? చీలిన ఆకులను కోసివేయాలా?

జవాబు: చీలినంత మాత్రాన అరటి ఆకును కోయవద్దు. నడిమి ఈనె నుంచి అంచు వరకు పిల్ల ఈనెలు సమాంతరంగా సాగుతాయి. వాటిని అడ్డంగా పట్టి ఉంచే బలమైన అల్లిక లేనందువల్ల ఆకు ఆ ఈనెల వెంబడే చీలుతుంది. గాలి ఆ సందుల్లోంచి వెళ్లిపోతుంది కనుక చెట్టు మీద ఒత్తిడి తగ్గుతుంది, ఎండవేళ ఆకు వేడెక్కడమూ తగ్గుతుంది. పేలికలు మరీ సన్నబడి, అంచులు ఎండినప్పుడే ఆహార తయారీ కుంటుపడుతుంది. నడిమి ఈనె విరిగి వేలాడుతున్న ఆకును మాత్రం తీసివేయవచ్చు.

నిజానికి పట్టించుకోవలసింది నిమ్మనే. ఆకును అంటిపెట్టుకుని ఉండే తేమ పొరను గాలి ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోవడంతో, వేర్లు అందించే నీటికన్నా ఆకు కోల్పోయే నీరు ఎక్కువవుతుంది. అప్పుడు నీరు చివరగా చేరే అంచులు, కొనలు ముందుగా ఎండుతాయి. పైపూత ఇంకా గట్టిపడని చిగురుకు ఈ బాధ మరీ ఎక్కువ. ఒక ఆకును వెలుతురుకు ఎత్తి చూడండి: ముళ్లు గీసిన సన్నని గీతలు, పక్క ఆకు రాసుకున్న చోట గరుకు మచ్చలు కనిపించవచ్చు. గాలి తగిలే వైపు ఆకులే మాడి, చాటున ఉన్నవి పచ్చగా ఉంటే అది గాలి పనే అనుకోవచ్చు. పొటాష్ లోపమైతే సాధారణంగా ముదురు ఆకుల అంచులు, ఏ వైపు అన్న తేడా లేకుండా, ముందుగా మాడతాయి.

గాలి తానుగా తెగులు కాకపోయినా తెగులుకు దారి తీస్తుంది. నిమ్మ ఆకుల మీద, కాయల మీద పొక్కుల్లాంటి మచ్చలు తెచ్చే గజ్జి తెగులు బాక్టీరియా ఆ గాయాల గుండా లోపలికి వెళ్తుంది. గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగాన్ని మించిన గాలివాన అయితే గాయం లేని ఆకులోకి సైతం, పత్రరంధ్రాల గుండా దాన్ని నెట్టగలదు. అందువల్ల అటువంటి వాన వెలిసిన తరువాతి వారాల్లో లేత ఆకులను తిప్పి చూస్తూ ఉండండి.

అడ్డుగా గోడ కట్టించాలనుకుంటే ఆ ఖర్చు మానుకోండి. గోడను దాటిన గాలి అవతల సుడులు తిరిగి మొక్కలనే కొడుతుంది. దాదాపు సగం గాలిని పోనిచ్చే గుబురు కంచె గాని వల గాని మేలు. దాని ఎత్తుకు సుమారు పది రెట్ల దూరం వరకు గాలి జోరు తగ్గుతుంది. గాలులు వీచే రోజుల్లో పాదులు ఎండనివ్వకండి. మాడిన అంచు మళ్లీ పచ్చబడదు కాబట్టి, మీ ఏర్పాటు ఫలించిందో లేదో తరువాత వచ్చే చిగురును బట్టి తెలుసుకోండి.