గదువ మీద మొటిమలుంటే కిడ్నీ ఖరాబైనట్టేనా?

ప్రశ్న: మేడం నమస్తే. మాది నర్సంపేట దగ్గర పల్లె, నాకు 34 ఏండ్లు, ఇద్దరు పిల్లలు. పోయిన నెల హన్మకొండల ఏదో క్యాంపు పెట్టిండ్రంటే మా వదినతోని పోయిన. అక్కడాయన నాడి గూడ చూడలే, మొహం చూసి గదువ మీద మొటిమలున్నయ్ కాబట్టి కిడ్నీలు వీకు, కండ్ల కింద నలుపుంది కాబట్టి లివర్ మంచిగ లేదని చెప్పి మూడు నెలలకు పొడి ఇచ్చి 4,800 తీసుకున్నడు. మా ఆయనేమో పారెయ్ అంటడు, నాకేమో భయమైతుంది. మిర్చి ఏరవోతే జల్ది అలిసిపోతున్న, మెట్లెక్కితే దమ్మొస్తుంది. నిజంగ మొహం చూసి రోగం చెప్పొచ్చా?

జవాబు: చెల్లె, ముందుగాల ఆ పొడి ఆపు. ప్యాకెట్ మీద లైసెన్స్ నంబరు, ఏమేం కలిపిండ్రో రాసి ఉందా చూడు, లేకుంటే మళ్ల ముట్టకు. నేను చదివింది ఆయుర్వేదమే, గందుకే ఇంత గట్టిగ చెప్తున్న, పేరూ ఊరూ లేని పొడులల్ల సీసం, పాదరసం అసొంటియి ఉంటే మంచిగున్న కిడ్నీలను అవే పాడు చేస్తయి.

గదువకు కిడ్నీకి ముడిపెట్టుడు చైనా వైద్యం లెక్క. వాళ్ల పాత గ్రంథాలల్ల నొసలు గుండెకు, ముక్కు ప్లీహానికి, ఎడమ చెంప లివర్‌కు, కుడి చెంప ఊపిరితిత్తులకు, గదువ కిడ్నీకి అని పంచిండ్రు. అయితే వాళ్లు కిడ్నీ అన్నప్పుడు పుట్టుక, ఎదుగుదల, ఒంట్ల సత్తువ అన్నీ అండ్లనే కలిపి చెప్తరు, మన స్కానింగ్‌ల కనపడే కిడ్నీ వేరు. ఆ మాట పట్టుకొచ్చి నిన్ను భయపెట్టుడు ఆ వైద్యానికి గూడ అన్యాయమే. మన ఆయుర్వేద పుస్తకం యోగరత్నాకరంల అష్టస్థాన పరీక్ష ఉన్నది, నాడి, మూత్రం, మలం, నాలుక, పలికే గొంతు, స్పర్శ, కండ్లు, ఆకారం, ఎనిమిది చూసినంకనే మాట్లాడాలె. నీ వయసుల గదువ చుట్టు మొటిమలంటే నేనైతే నెలసరి టైముకు వస్తుందా, గదువ మీద వెంట్రుకలు పెరుగుతున్నయా అని అడుగుత, ఎందుకంటే ఎక్కువసార్లు అది హార్మోన్ల సంగతి.

నీ ఉత్తరం చదువుతుంటే నా మనసు ఆ దమ్ము దగ్గరనే ఆగింది. రేపు పొద్దుగాల వాకిట్ల వెలుతురుల నిలబడి అద్దం పట్టుకొని కింది రెప్పను వేలుతోని మెల్లగ కిందికి గుంజు, లోపల ఎర్రగ ఉండాలె. మీ ఆయనది గూడ అట్లనే గుంజి చూడు, నీది పాలిపోయినట్టు తెల్లగుంటే పక్కపక్కన తేడా తెలుస్తది. ఇంకో మాట అడుగుత సిగ్గుపడకు, బియ్యం బుక్కుతవా? చాటల చెరుగుకుంటనే గుప్పెడు నోట్లె ఏసుకునుడు, బలపం, మట్టి తినాలనిపించుడు, ఇంట్ల పెద్దోళ్లు చెడ్డ అలవాటని తిడ్తరు గానీ ఐరన్ తక్కువైతే మనసు అట్ల గుంజుతది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేల మన తెలంగాణల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల నూటికి 57 మందికి రక్తం తక్కువని తేలింది, నువ్వొక్కదానివే కాదు బిడ్డ.

రెప్ప ఎర్రగున్నా టెస్ట్ మాత్రం చేయించు, కొంచెం తగ్గితే కంటికి కనపడది. ప్రైమరీ హెల్త్ సెంటర్‌ల పైసలు లేకుంట హిమోగ్లోబిన్ చూస్తరు, 12 కన్నా తక్కువుంటే డాక్టర్ గోలీలు రాస్తరు. ఐరన్ గోలీ ఏసుకున్నంక గంట రెండు గంటలు చాయ తాగకు, నిమ్మకాయ నీళ్లతోని ఏసుకో, దొడ్డికి నల్లగొస్తే భయపడి బంద్ చెయ్యకు. నెలసరిల రక్తం ఎక్కువ పోతుంటే అది దాచిపెట్టకుండ చెప్పు, లేకుంటే ఎన్ని గోలీలు మింగినా ఎక్కది. కిడ్నీ భయం పోవాలంటే మూత్రంల ఆల్బుమిన్, రక్తంల క్రియాటినిన్ చూపిచ్చుకో, శురువుల కిడ్నీ రోగానికి మొహం మీద ఏ గుర్తూ ఉండది. కూసున్నప్పుడు గూడ దమ్మొచ్చినా, ఛాతీ బరువైనా అదే రోజు దవాఖానకు పో.

ప్రశ్న: మాది భూపాలపల్లి. మా నాయినకు 58, కంటి రెప్పల మీద ముక్కు దిక్కు పసుపు పచ్చ గడ్డలు లేసినయ్. పసిరికలని పసరు పోయిస్తమంటున్నరు.

జవాబు: తమ్ముడూ, పసరు పోయియ్యకు. పసిరికలైతే కంటి తెల్లగుడ్డే పచ్చగైతది. రెప్ప మీద లేసేటివి కొవ్వు గడ్డలు, అవి ఉన్నోళ్లల్ల సగం మందికి కొలెస్ట్రాల్ మామూలుగనే ఉంటది, మిగిలిన సగంల మీ నాయిన ఉన్నడో లేడో తెలవాలంటే లిపిడ్ టెస్ట్, షుగర్, బీపీ చూపియ్యి.

ప్రశ్న: మా మనవనికి ఏడేండ్లు, చెంపల మీద తెల్ల మచ్చలు. కడుపుల నట్టలేనా? (హుజూరాబాద్)

జవాబు: అమ్మా, ఊరంత అదే అంటరు గానీ ఎక్కువగ అది పొడిబారిన చర్మం. మొహానికి సబ్బు తగ్గించి స్నానం కాంగనే కొబ్బరినూనె రాయి, పోవుటానికి నెలలు పడతది, ఓపిక పట్టు. బడిల ఇచ్చే నట్టల గోలీ మాత్రం ఎట్లైనా ఏపియ్యి. మచ్చ మీద దూది రాస్తే పోరడికి తెలుస్తలేదంటే ఆలస్యం చెయ్యకుండ డాక్టర్‌కు చూపియ్యి.