మిశ్రచాపు వేసే డ్రమ్ మెషిన్ ఉందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సింథసైజర్లు, డ్రమ్ మెషిన్లు, సీక్వెన్సర్ల గురించే ఉన్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాం. ఒకే సందేహం నాలుగైదు ఉత్తరాల్లో కనిపించిన చోట వాటిని కలిపి ఒకే ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి దగ్గర కీబోర్డు ఉంది. అందులో వందలకొద్దీ వాద్యాలు పలుకుతాయి. అయినా సింథసైజర్ కొనిపెట్టమంటున్నాడు. రెంటికీ తేడా ఏమిటి? (రాజమహేంద్రవరం నుంచి ఒక తండ్రి)

జవాబు: మీ అబ్బాయి అడుగుతున్నది మరికొన్ని వాద్యాలను కాదు, ధ్వనిని తన చేతులతో తయారుచేసుకునే అవకాశాన్ని. ఇప్పుడున్న కీబోర్డులో వీణను ఎంచుకుంటే, ఎవరో ముందే తయారుచేసి పెట్టిన వీణ ధ్వని వినిపిస్తుంది. సింథసైజర్‌లో వీణ ఉండదు. వీణ తీగ ఎలా ప్రవర్తిస్తుందో ఆ ప్రవర్తనను నిర్ణయించే నాబ్‌లు ఉంటాయి. ఆసిలేటర్ ముడి ధ్వనిని పుట్టిస్తుంది, ఫిల్టర్ అందులోని అతిస్వరాలను కోసి మెత్తబరుస్తుంది, ఎన్వలప్ ఆ ధ్వని ఎంత వేగంగా లేవాలో, ఎంతసేపు నిలవాలో, ఎలా ఆరిపోవాలో చెబుతుంది. తీగను మీటగానే ధ్వని ఒక్కసారిగా లేచి క్రమంగా సన్నగిల్లుతుంది కాబట్టి, వీణ పోలిక రావాలంటే అటాక్‌ను (ధ్వని లేవడానికి పట్టే సమయం), సస్టెయిన్‌ను (మీట నొక్కి ఉంచినంతసేపూ ధ్వని నిలిచే స్థాయి) సున్నాకు దించి డికేను (ధ్వని సన్నగిల్లడానికి పట్టే సమయం) పొడిగించాలి. నాదస్వరంలో ఊపిరి ఉన్నంతసేపూ ధ్వని తగ్గదు కాబట్టి దానికి సస్టెయిన్‌ను నిండుగా ఉంచాలి.

1970లో వచ్చిన మినీమూగ్ ఈ విద్యను ఒకే పెట్టెలో అమర్చింది. మూడు ఆసిలేటర్లు, ఒక ఫిల్టర్, ముందు పలక నిండా నాబ్‌లు. ధ్వనిని గుర్తుపెట్టుకునే సదుపాయం మాత్రం లేదు, నాబ్‌ల స్థానాలను కాగితం మీద రాసుకోవలసిందే. ఆ లోటును 1978లో ప్రాఫెట్-5 తీర్చింది. 1983లో యమహా డీఎక్స్7 వచ్చేసరికి నాబ్‌లే మాయమయ్యాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కనుగొన్న ఎఫ్ఎమ్ పద్ధతి (ఒక తరంగంతో మరో తరంగం పౌనఃపున్యాన్ని కదిలించడం) మీద నడిచే ఆ వాద్యంలో గంటలు, ఎలక్ట్రిక్ పియానో అద్భుతంగా పలుకుతాయి. అయితే చిన్న తెర మీద అంకెలు మార్చుకుంటూ ధ్వనిని దిద్దడం కష్టం కావడంతో చాలామంది కంపెనీ ఇచ్చిన స్వరాలతోనే సరిపెట్టుకున్నారు. నా దృష్టిలో డీఎక్స్7 గొప్ప వాద్యమే గానీ మంచి గురువు కాదు. మీ అబ్బాయికి మొదట నాబ్‌లున్న పరికరమే కావాలి. అదీ వెంటనే కొననక్కరలేదు. వైటల్, సర్జ్ ఎక్స్‌టీ వంటివి కంప్యూటర్‌లో ఉచితంగా దొరుకుతాయి. రెండు నెలలు వాటితో గడిపాక కూడా అదే మాట మీద ఉంటే అప్పుడు కొనండి.

ప్రశ్న: రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషిన్ మోత ఏ యాప్‌లోనైనా దొరుకుతుంది. అలాంటప్పుడు పాత యంత్రానికి అంత గిరాకీ ఎందుకు? (హైదరాబాద్)

జవాబు: 1980 నుంచి 1983 దాకా సుమారు 12,000 మాత్రమే తయారైన యంత్రం కాబట్టి గిరాకీలో కొంత వస్తువు అరుదుతనానిది. మిగిలినది సర్క్యూట్‌ది. 808లో రికార్డు చేసిన డ్రమ్ము ఒక్కటీ లేదు. దాని బేస్ డ్రమ్, తట్టగానే కొంతసేపు మోగి ఆగిపోయే చిన్న సర్క్యూట్. హైహ్యాట్, సింబల్ ఆరు ఆసిలేటర్ల రొద నుంచి పుడతాయి. అందరూ గుర్తుపట్టే ఆ కౌబెల్ రెండే ఆసిలేటర్లది. లోపమున్న ఒక రకం ట్రాన్సిస్టర్లను కావాలనే ఏరి వాడారనీ, అవి దొరకడం ఆగిపోవడంతో ఉత్పత్తి కూడా ఆగిపోయిందనీ రోలాండ్ వ్యవస్థాపకుడు ఇకుతారో కకెహాషి స్వయంగా చెప్పారు.

అదే 1980లో రోజర్ లిన్ నిజమైన డ్రమ్ముల ధ్వనిని చిప్పుల్లో నింపి ఎల్ఎమ్-1ను తెచ్చారు. ధర సుమారు 5,000 డాలర్లు. 808 అందులో నాలుగో వంతుకే వచ్చేది. ఇదేం డ్రమ్మని 808ను ఆనాడు పెదవి విరిచినవాళ్లు చాలామంది. డ్రమ్ములా లేకపోవడమే తర్వాతి తరానికి పనికొచ్చింది: బేస్ డ్రమ్ డికేను పెంచుకుంటూ పోతే అది దెబ్బగా మొదలై మంద్ర స్వరంగా సాగుతుంది. యాప్‌లో సాధారణంగా దొరికేది ఒకసారి పట్టి ఉంచిన దెబ్బ. సర్క్యూట్‌లో అయితే నాబ్ తిప్పిన కొద్దీ దెబ్బ స్వభావమే మారుతుంది. ఈ గుణం కోసమే అయితే పాతదాని వెంట పడనక్కరలేదు. 2017లో రోలాండ్ తెచ్చిన చిన్న టీఆర్-08 డిజిటల్ నమూనా కాగా, 2019 నాటి బెహ్రింగర్ ఆర్‌డీ-8 అనలాగ్ సర్క్యూట్‌తోనే పనిచేస్తుంది.

ప్రశ్న: నేను మృదంగం నేర్చుకున్నాను. డ్రమ్ మెషిన్‌లో 16 మెట్లే ఉన్నాయి. ఏడు మాత్రల మిశ్రచాపు, ఐదు మాత్రల ఖండచాపు వేయడం సాధ్యమా? యంత్రం వేసిన తాళం కొయ్యలా ఉండకుండా ఏం చేయాలి? (తెనాలి)

జవాబు: సాధ్యమే. నిజానికి ఈ పనిలో మీకున్న సౌలభ్యం పాశ్చాత్య డ్రమ్మర్లలో చాలామందికి లేదు. దెబ్బలను మెట్ల వరుసలో పెట్టి మోగించే స్టెప్ సీక్వెన్సర్‌కు తాళం తెలియదు, మెట్ల సంఖ్య మాత్రమే తెలుసు. 16 అన్నది పరిమితి మాత్రమే. చాలా యంత్రాల్లో ప్యాటర్న్ పొడవును తగ్గించుకోవచ్చు. కోర్గ్ వోల్కా బీట్స్‌లో యాక్టివ్ స్టెప్ అనే సదుపాయంతో చివరి రెండు మెట్లను ఆపివేస్తే 14 మిగులుతాయి. మాత్రకు రెండు మెట్ల చొప్పున అదే మీ మిశ్రచాపు. ‘తకిట తకధిమి’ అని నోటితో చెప్పుకుంటూ, తాళం దెబ్బలు పడే ఒకటి, నాలుగు, ఆరో మాత్రలకు సరిగ్గా 1, 7, 11 మెట్ల మీద బేస్ డ్రమ్ పెట్టండి. ఖండచాపుకు 10 మెట్లు చాలు. ఆదితాళం మాత్రం, అక్షరానికి నాలుగు మెట్ల చొప్పున వేయాలంటే 32 అవుతుంది కాబట్టి, రెండు ప్యాటర్న్‌లను ఒకదాని వెంట ఒకటి నడపాలి. తిస్రగతి కావాలంటే అక్షరానికి మూడు మెట్లు, అంటే 12 మెట్ల ప్యాటర్న్ రెండుసార్లు.

అసలు రుచి రెండు యంత్రాలను కలిపినప్పుడు తెలుస్తుంది. ఒకదానిలో 14, రెండోదానిలో 16 మెట్లు పెట్టి ఒకే క్లాక్ మీద నడిపితే, ఆవర్తం ఆవర్తానికీ అవి రెండేసి మెట్లు ఎడమవుతూ, మొదటిది ఎనిమిది చుట్లు, రెండోది ఏడు చుట్లు తిరిగాక 112వ మెట్టు దాటగానే మళ్లీ సమంలో కలుస్తాయి. నిమిషానికి 120 బీట్ల వేగంలో, బీటుకు నాలుగు మెట్ల చొప్పున, ఆ ప్రయాణం సరిగ్గా 14 సెకన్లు. ముక్తాయింపు వేసి సమానికి చేరే మృదంగ విద్వాంసుడికి ఈ లెక్క ఎవరూ నేర్పనక్కరలేదు. వాద్య యంత్రాలు తమలో తాము మాట్లాడుకునే భాష మిడి. ఈ యంత్రాలను కలిపే మిడి క్లాక్ బీటుకు 24 స్పందనలు పంపుతుంది, మొదలుపెట్టు, ఆపు అని చెబుతుంది; ఆవర్తం ఎక్కడ మొదలైందో దానికి పట్టదు. కాబట్టి రెండింటినీ ఒకే క్షణంలో మొదటి మెట్టు నుంచి నడిపించే బాధ్యత మీదే.

కొయ్యతనం విషయానికి వస్తే, రోజర్ లిన్ తన యంత్రాల్లో స్వింగ్ అనే ఉపాయాన్ని పెట్టారు. జంట మెట్లలో రెండోదాన్ని కొద్దిగా ఆలస్యం చేయడమే ఆ ఉపాయం. పై వేగంలోనే జంట మెట్ల నిడివి 250 మిల్లీసెకన్లు. 50 శాతం దగ్గర రెండోది సరిగ్గా నడుమ 125 వద్ద పడుతుంది, 66 శాతం దగ్గర 165 వద్ద, అంటే దాదాపు తిస్రంలా పడుతుంది. మీ చెవికి కావలసింది 54, 58 ప్రాంతాల్లో దొరుకుతుందని నా అనుభవం. దీనికి తోడు అన్ని దెబ్బలకూ ఒకే బలం ఇవ్వకుండా, మీరు వేళ్లతో చేసే తేడాను యాక్సెంట్‌తో, వాల్యూమ్‌తో చూపండి. అలా దిద్దినా అది మీ చేతి మృదంగం కాలేదు. సాధకానికి తోడుగా మాత్రం శ్రుతిపెట్టె పక్కన హాయిగా కూర్చుంటుంది.

ప్రశ్న: సింథసైజర్ మీద గమకం పలుకుతుందా? (విజయనగరం)

జవాబు: కొంతవరకు పలుకుతుంది. జారు సులువు: గ్లైడ్ లేదా పోర్టమెంటో అనే నాబ్ తిప్పితే ఒక స్వరం నుంచి మరో స్వరానికి ధ్వని జారుతూ వెళుతుంది. ఒకసారికి ఒకే స్వరం పలికే మోనో సింథసైజర్లు మన రాగానికి బాగా నప్పుతాయి. స్వరాన్ని ఊపే కంపితానికి ఎడమచేతి దగ్గరి పిచ్ బెండ్ చక్రమే ఆధారం. మిడిలో ఆ చక్రానికి 16,384 స్థానాలున్నాయి కాబట్టి సూక్ష్మత చాలకపోవడమన్నది ఉండదు. చాలనిది మన చేతి సాధన. మామూలుగా చక్రం రెండు స్వరస్థానాల మేర వంగేలా అమర్చి ఉంటుంది. అవసరాన్ని బట్టి పెంచుకోవచ్చు. కోర్గ్ మోనోలాగ్, మినీలాగ్ ఎక్స్‌డీ వంటి వాటిలో ఒక్కొక్క స్వరాన్నీ మీకు కావలసిన శ్రుతికి దిద్దుకోవచ్చు. అయినా తోడి గాంధారాన్ని ఏ అంకె దగ్గర నిలబెట్టినా అది తోడి గాంధారం కాదు. అది రిషభ మధ్యమాల నడుమ ఊగుతూ ఉండాలి, ఆ ఊపును చక్రం మీది చెయ్యే ఇవ్వాలి.

ప్రశ్న: ఈ యంత్రాలను మనవాళ్లు ఆనాడే వాడారా? (చెన్నై నుంచి ఒక తెలుగు పాఠకురాలు)

జవాబు: వాడారు, మీరు అనుకునే దానికంటే ముందే. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే మూగ్ సింథసైజర్‌తో ఒక స్టూడియో వెలిసింది. అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ దానిని అమర్చారు. 1982లో బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ జూపిటర్-8 సింథసైజర్, టీఆర్-808, టీబీ-303 కలిపి పది రాగాలను డిస్కో దరువు మీద వాయించి ఒక రికార్డు తెచ్చారు. టీబీ-303ను రోలాండ్ గిటారిస్టులకు బేస్ తోడుగా ఉండేందుకు చేసింది. ఆ పనికి అది నప్పలేదు. షికాగో యువకులు దాని ఫిల్టర్‌ను మెలితిప్పి యాసిడ్ హౌస్ అనే నృత్య సంగీత శైలిని పుట్టించారు, తొలి రికార్డు 1987లో వచ్చింది. అంతకు ఐదేళ్ల ముందే సింగ్ గారు భైరవ్ రాగాన్ని అదే యంత్రం మీద, అదే జారుతో పలికించారు. ఆనాడు ఎవరూ పట్టించుకోని ఆ రికార్డు 2010లో మళ్లీ విడుదలయ్యాకే లోకానికి తెలిసింది.

ప్రశ్న: జపాన్ నుంచి పాత సింథసైజర్ తెప్పించుకోవాలనుకుంటున్నాను. జాగ్రత్తలు చెప్పండి. (విశాఖపట్నం)

జవాబు: అన్నిటికంటే ముందు కరెంటు. జపాన్‌లో 100 వోల్టులు, మన దగ్గర 230. ప్లగ్గు పిన్నులు మార్చే అడాప్టర్ వోల్టేజిని మార్చదు. ఈ చిన్న సంగతిని పట్టించుకోక ఒకసారి నేనే ఒక పరికరాన్ని పొగబెట్టుకున్నాను. పరికరం వెనుక రాసి ఉన్న వోల్టేజిని, వాట్లను చూసి, అంతకు మించిన సామర్థ్యం గల స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోండి. తర్వాత లోపలి సంగతి. ఒకేసారి ఆరు స్వరాలు పలికే రోలాండ్ జూనో-106లో ఒక్కొక్క స్వరాన్ని పలికించే చిప్పుల పైపూత కాలక్రమేణా పాడై, కొన్ని స్వరాలు మూగబోవడమో గరగరలాడడమో జరుగుతుంది. కొనేముందు ఆరు స్వరాలనూ ఒక్కొక్కటిగా వాయించిన వీడియో అడగండి. డీఎక్స్7 లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది, అది చచ్చిపోతే దాచుకున్న స్వరాలన్నీ పోతాయి, కాబట్టి దాన్ని మార్పించే ముందు ఆ స్వరాలను మిడి ద్వారా కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి. ఇక పాత కెపాసిటర్లను చూడగలిగిన మెకానిక్ మీ ఊళ్లో ఉన్నాడో లేదో ముందే కనుక్కోండి. లేకపోతే ఆ డబ్బుతో ఇవాళ్టి అనలాగ్ సింథసైజర్‌ను వారంటీతో కొనుక్కోవడమే నయం.