ప్రభుత్వ ఉద్యోగుల కంటే ప్రైవేటు ఉద్యోగులకు భావోద్వేగ ప్రజ్ఞ ఎక్కువా?

అలా ఏమీ లేదు, మనకు కౌంటర్ దగ్గర కనిపించే తేడా చాలావరకు పని పరిస్థితుల వల్ల వచ్చేదే.

తన మనసులో, ఎదుటివారి మనసులో ఏం నడుస్తోందో పసిగట్టి దానికి తగ్గట్టు మసలుకోవడమే భావోద్వేగ ప్రజ్ఞ. 1990లో మనస్తత్వవేత్తలు పీటర్ సాలొవే, జాన్ మేయర్ దీన్ని నిర్వచించారు. ఇది మనిషిలో ఉండే సామర్థ్యం. ఉద్యోగం పట్ల వైఖరి మాత్రం భద్రత, పనిభారం, టార్గెట్లు, పైఅధికారి తీరును బట్టి మారిపోతుంది.

పలాసలో పింఛను ఇచ్చే రోజు అనుకోండి. ఏళ్ల తరబడి జీడిపిక్కలు ఒలిచి వేలిముద్రలు అరిగిపోయిన ముసలమ్మ. మిషన్ రెండుసార్లు తీసుకోలేదు, ఆవిడ చెయ్యి వణుకుతోంది. సచివాలయం ఉద్యోగి ఆ వేలు గుడ్డతో తుడిచి, "కంగారు పడకు మామ్మా, ఇంకో వేలు పెట్టు" అంటాడు. ఆవిడ భయాన్ని చూశాడు, తన విసుగును ఆపుకున్నాడు. ఇది అచ్చమైన భావోద్వేగ ప్రజ్ఞ, ఏ టార్గెట్ కోసమూ చేసింది కాదు.

చాలామంది నవ్వుతూ మాట్లాడటమే ఈ ప్రజ్ఞ అనుకుంటారు. విజయనగరంలో బట్టల షాపు అమ్మాయి నలభై చీరలు విప్పి చూపించి, ఏదీ కొనకపోయినా నవ్వుతుంది. ఆ నవ్వు ఉద్యోగంలో భాగం. ఇలాంటి శ్రమకు సామాజికవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లోనే 'భావోద్వేగ శ్రమ' అని పేరు పెట్టారు. లోపల ఒకటి, పైకి ఒకటిగా రోజంతా నటించాల్సి వస్తే మనిషి అలిసిపోతాడు, ఉద్యోగం మీదే విరక్తి పుడుతుంది.