హెచ్4 మీద వచ్చినవాళ్ళు కమ్యూనిటీ కాలేజీలో చేరేముందు

అమెరికాకి కొత్తగా వచ్చిన చెల్లెళ్ళు కనపడ్డప్పుడల్లా అడుగుతుంటారు, అక్కా హెచ్4 (హెచ్1బి ఉద్యోగ వీసా ఉన్నవాళ్ళ భార్యాభర్తలకిచ్చే వీసా) మీద వచ్చాను, ఇంట్లో ఖాళీగా ఉండలేకపోతున్నాను, ఏం చదవమంటావు అని. మాస్టర్స్ ఒక్కటే దారి అనుకోకండమ్మా, ముందు మీ కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఉన్న కమ్యూనిటీ కాలేజీకి వెళ్ళి చూడండి. రెండేళ్ళ చదువు అనగానే మనవాళ్ళు "ఓ, డిప్లొమానా" అనేస్తారు, నాకు నిజంగా బాధేస్తుంది, ఇక్కడ మనకి ఎక్స్‌రే తీసే ఆవిడ, పళ్ళు క్లీన్ చేసే హైజీనిస్టు, రిజిస్టర్డ్ నర్సుల్లో ఎంతోమంది ఈ కాలేజీల్లో చదువుకున్నవాళ్ళే.

హెచ్4 మీద చదవడానికి ఎఫ్1కి (స్టూడెంట్ వీసా) మారక్కర్లేదు, ఒక్క కోర్సుతో మొదలుపెట్టినా పర్వాలేదు, అదే ఎఫ్1 అయితే సెమిస్టరుకి కనీసం 12 క్రెడిట్లు తీసుకోవాలి. ఉద్యోగం మాత్రం ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) చేతికొచ్చాకే, దానికి మామూలుగా మీవారి ఐ-140 (గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయ్యుండాలి. నర్సింగ్ లాంటి లైసెన్స్ కోర్సులైతే క్లినికల్స్‌కీ (ఆసుపత్రిలో చేసే ట్రైనింగ్) లైసెన్స్‌కీ ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) కావాలేమో ఫీజు కట్టకముందే కనుక్కోండి.

నేను పోగొట్టుకున్న ఏడాది సంగతి చెప్తా. నెట్‌వర్కింగ్‌లో ఏఏఎస్ (అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్) డిగ్రీలో చేరిపోయాను, తర్వాత యూనివర్సిటీకి వెళ్ళి బ్యాచిలర్స్ చేద్దామంటే సగం క్రెడిట్లు మేం ఒప్పుకోం అన్నారు, ఏఏఎస్ అంటే నేరుగా ఉద్యోగానికెళ్ళే డిగ్రీ, పై చదువుకి ట్రాన్స్‌ఫర్ అవ్వాలంటే ఏఎస్ (అసోసియేట్ ఆఫ్ సైన్స్) గానీ ఏఏ (అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్) గానీ చూసుకోవాలి, ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు, నేనూ అడ్వైజర్ దగ్గరికెళ్ళి అడగలేదు. అందుకే అంటున్నా, కోర్సు రిజిస్టర్ చేసేముందు అడ్వైజర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి, క్లాసులు మొదలయ్యే వారంలో దొరకదు, నెలరోజుల ముందే తీసుకోండి.

ఫీజు ఉండే చోటుని బట్టి, టెక్సాస్‌లో మా కాలిన్ కౌంటీ వాళ్ళకి కాలిన్ కాలేజీలో ఒక రేటు, పక్క కౌంటీకి ఒకటి, వేరే రాష్ట్రానికి ఇంకోటి. ఫాఫ్సా సాయం (చదువుకి ప్రభుత్వం ఇచ్చే డబ్బుకి పెట్టుకునే అప్లికేషన్) గ్రీన్‌కార్డ్, సిటిజన్స్ వాళ్ళకే ఎక్కువగా, హెచ్4కి రాదు, కానీ కాలేజీ సొంత స్కాలర్‌షిప్పుల గురించి అడగండి.

ఇంకా మనవాళ్ళు అస్సలు వాడుకోనిది ట్యూటరింగ్ సెంటర్, రైటింగ్ సెంటర్. మీరు కట్టే ఫీజులోనే అవి ఉంటాయి చాలాచోట్ల, వ్యాసం రాసి పట్టుకెళ్తే పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కడ అర్థం కావట్లేదో చెప్తారు, లెక్కలు రాకపోతే ఎన్నిసార్లైనా చెప్తారు. తెలుగు మీడియంలో చదివాం, మన ఇంగ్లీష్ విని నవ్వుతారేమో అని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చిన అమ్మాయిల్ని చూశాను, అక్కడ ఎవరూ నవ్వరు, వాళ్ళు కూర్చున్నదే అందుకు. ఇంగ్లీష్ మరీ భయమైతే ఈఎస్ఎల్ (వేరే భాషవాళ్ళకి ఇంగ్లీష్ నేర్పే) క్లాసులు అక్కడే ఉంటాయి, ముందు అవి చేయండి. చాలా కాలేజీల్లో ఫుడ్ ప్యాంట్రీ (ఉచితంగా సరుకులిచ్చే చోటు), కౌన్సెలర్ కూడా ఉంటారు, అవసరమైతే మొహమాటపడొద్దు.

ఇండియా నుంచి వచ్చేటప్పుడు డిగ్రీ మార్కుల మెమోలు అన్నీ తెచ్చుకోండి, వెస్ (వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్) లాంటి చోట మన చదువు ఇక్కడ దేనికి సమానమో ఇవాల్యుయేషన్ చేయిస్తే చదివిన సబ్జెక్టులు మళ్ళీ చదివే పని కొంత తప్పుతుంది, నాకు తెలిసిన ఒకమ్మాయికి అలాగే ఒక సెమిస్టర్ కలిసొచ్చింది.