శుక్రుడు తిరిగేది సవ్యమా, అపసవ్యమా?

సందేహం: "శుక్రుడు మిగతా గ్రహాలకు భిన్నంగా అపసవ్య దిశలో తిరుగుతాడు" అని ఒకచోట, "సవ్య దిశలో తిరుగుతాడు" అని ఇంకోచోట చదివాను. మరొకరు "శుక్రుడిది వక్రగతి" అని రాశారు. వీటిలో ఏది సరైన ప్రయోగం?

సమాధానం: ఇప్పటి వాడుక ప్రకారం రెండోది సరైనది. మూడోది మాత్రం వాడకండి.

గడియారం ముల్లు తిరిగే వైపుని సవ్యమని, దానికి ఎదురు వైపుని అపసవ్యమని రాస్తున్నాం. భూమి ఉత్తర ధ్రువానికి ఎగువ నుంచి చూస్తే గ్రహాలన్నీ సూర్యుడి చుట్టూ అపసవ్యంగానే వెళతాయి, వాటిలో ఎక్కువ భాగం తమ చుట్టూ తాము తిరిగేదీ అటే. శుక్రుడు తన చుట్టూ తాను సవ్యంగా తిరుగుతాడు. మొదటి వాక్యం రాసినవారు "అందరూ చేసేది సవ్యం, తేడాగా చేసేది అపసవ్యం" అనుకుని ఉంటారు, సవ్యంగా అంటే పద్ధతిగా అనే కదా మనకి అలవాటు. తమాషా ఏమిటంటే సంస్కృతంలో సవ్యం అంటే అసలు ఎడమ. ఎడమ చేత్తో కూడా బాణం వేయగలడు కాబట్టే అర్జునుడు సవ్యసాచి అయ్యాడు. పైగా దక్షిణ ధ్రువం వైపు నుంచి చూస్తే ఈ సవ్యాపసవ్యాలు రెండూ తారుమారవుతాయి. ఇంత గొడవున్న మాటలతో టెన్షన్ ఎందుకు? "తన చుట్టూ తాను తూర్పు నుంచి పడమరకి తిరుగుతాడు" అని రాస్తే చాలు, అక్కడ సూర్యుడు పడమట పొడుస్తాడని చదివేవారికి వెంటనే తడుతుంది.

ఇక వక్రగతి. ఆ మాట మనకి ఎప్పటినుంచో ఉంది, దానికి ఖాయమైన అర్థమూ ఉంది. భూమి మీంచి చూసేవారికి ఒక గ్రహం కొంతకాలం నక్షత్రాల మధ్య వెనక్కి నడుస్తున్నట్టు కనిపించడమే వక్రగతి. నిజంగా ఏ గ్రహమూ వెనక్కి నడవదు, భూమి దాన్ని దాటినప్పుడో అది భూమిని దాటినప్పుడో అలా కనిపిస్తుంది. శుక్రుడికి ఇది సుమారు 584 రోజులకోసారి వస్తుంది, ఆరు వారాల పాటు ఉంటుంది. మరి ఎప్పుడూ ఉండే ఆత్మభ్రమణానికి, అంటే తన చుట్టూ తాను తిరగడానికి కూడా అదే పేరు పెడితే శుక్రుడి వక్రగతి అన్నప్పుడు ఏది అర్థం చేసుకోవాలి? పోనీ "ఎదురు తిరుగుతాడు" అందామంటే అదేదో తిరుగుబాటులా ఉంది.

అసలు చిక్కు "తిరుగు" అనే క్రియతోనే. తన చుట్టూ తాను తిరగడానికీ ఇంకొకదాని చుట్టూ తిరగడానికీ మనకి అదొక్కటే. అందుకే పాఠ్యపుస్తకాలవాళ్లు మొదటిదాన్ని భ్రమణం, రెండోదాన్ని పరిభ్రమణం అన్నారు. శుక్రుడికి భ్రమణమే తేడా. నెప్ట్యూన్ ఉపగ్రహం ట్రైటన్ ఉంది చూడండి, 1846లో కనిపెట్టారు, దానికి పరిభ్రమణమే తేడా: నెప్ట్యూన్ ఒకవైపు తన చుట్టూ తాను తిరుగుతుంటే ఇది దాని చుట్టూ రెండోవైపు వెళుతుంది.

"శుక్రుడి మీద రోజు సంవత్సరం కన్నా పెద్దది" అనే వాక్యం కూడా తరచూ కనిపిస్తుంది, అదీ సగమే నిజం. ఆత్మభ్రమణానికి మన భూమి లెక్కలో 243 రోజులు, సూర్యుడి చుట్టూ వెళ్లిరావడానికి సుమారు 225 రోజులు, అంతవరకు సరే. కానీ ఒక సూర్యోదయం నుంచి మరో సూర్యోదయానికి 117 రోజులే. బుధుడిది ఇంకో రకం, భ్రమణానికి 59 రోజులకి కాస్త తక్కువ, సంవత్సరం 88 రోజులు, సూర్యోదయం నుంచి సూర్యోదయానికి 176 రోజులు, అంటే రెండు సంవత్సరాలు! ఉత్త "రోజు" అని ఊరుకుంటే ఏదో తేలదు. మన పాత ఖగోళ సిద్ధాంతగ్రంథాల్లో ఒక భ్రమణానికి పట్టేది నాక్షత్ర దినం, సూర్యోదయం నుంచి సూర్యోదయానికి పట్టేది సావన దినం, హాయిగా వాడుకోవచ్చు.

యురేనస్ అక్షం 98 డిగ్రీలు వాలి ఉంది కాబట్టి దానికి సవ్యాపసవ్యాలు ఎలాగూ అతకవు, "పక్కకి ఒరిగి దొర్లుతోంది" అంటే సరిపోతుంది. శుక్రుడు అంటే "తిరుగుతాడు", శుక్రగ్రహం అంటే "తిరుగుతుంది". ఒకే వాక్యంలో రెండూ కలపకండి.